నలుసు తీసే బుజ్జమ్మ

నాంపల్లి స్టేషను వెనక సందులో ఎవరి కంట్లో ఏం పడినా ముందుగా నోట్లోంచి వచ్చే పేరు బుజ్జమ్మది. "కంట్ల నలుసు పడ్డదా? బుజ్జమ్మక్క కాడికి పో" అనేవారు. డాక్టరు పేరు ఎవరికీ గుర్తొచ్చేది కాదు. గుర్తొచ్చినా, నిమిషంలో పోయేదానికి డాక్టరెందుకని నవ్వేవారు.

బుజ్జమ్మ నలుసు తీసేది నాలుకతో. వినడానికి ఎలాగో ఉన్నా, చూసినవాళ్ళకు అందులో వింతేమీ కనిపించేది కాదు. వాకిట్లో కుట్టుమిషను పక్కన పీట వేసేది. వచ్చినవాళ్ళను వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టేది. లోపలికి వెళ్ళి ఉప్పునీళ్ళతో మూడుసార్లు పుక్కిలించి, రెండు లవంగాలు నమిలి ఊసి వచ్చేది. బొటనవేలితో పైరెప్పను తిప్పి, నాలుక కొసతో ఒక్కసారి ఇటునుంచి అటు రాసేది. తరవాత ఆ నలుసును ఎడమచేతి చూపుడువేలి గోరు మీద పెట్టి చూపించేది. చూపించకపోతే నలుసు పోయిందని ఎవరూ నమ్మరు. చివర్న దూది వత్తితో ఒక చుక్క ఆముదం. "చల్లగుంది" అనుకుంటూ లేచి వెళ్ళిపోయేవారు. దీనికి ఆవిడ ఏనాడూ ఏమీ పుచ్చుకోలేదు.

ఈ విద్య అత్తగారు జానకమ్మది. యాభై ఏడులో ఆ కుటుంబం తెనాలి నుంచి హైదరాబాదు వచ్చింది. మామగారికి నాంపల్లి స్టేషన్లో పార్సిలాఫీసు ఉద్యోగం. అప్పట్లో అన్నీ బొగ్గు ఇంజన్లే. కిటికీలోంచి తల బయటపెట్టి ఊళ్ళు చూస్తూ వచ్చిన ప్రతివాడి కంట్లోనూ ఇంత బొగ్గు నుసి. ప్లాట్‌ఫారం మీద దిగి కళ్ళు నలుపుకునేవాళ్ళను కూలీలు తీసుకొచ్చి జానకమ్మ గుమ్మంలో కూర్చోబెట్టేవారు. బొగ్గు నుసి మెత్తన. రెప్ప కింద దాక్కుంటుంది తప్ప గుడ్డులో గుచ్చుకోదు. సగం మందికి కాసేపు ఓపిక పడితే కన్నీళ్ళకే కొట్టుకుపోయేది. ఆ ఓపిక ఎవరికుంది? పేరు మాత్రం జానకమ్మ నాలుకకు దక్కింది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. నయమైనవాళ్ళు సందులోనే ఉండి పదిమందికీ చెప్పేవారు. నయం కానివాళ్ళెందరో ఎవరికీ తెలియదు. రైలు దిగి వచ్చినవాళ్ళు మళ్ళీ రైలెక్కి వెళ్ళిపోయేవారు. ఏ గుల్బర్గాలోనో, ఏ కాజీపేటలోనో వాళ్ళ కన్ను ఏమైందో వెనక్కి వచ్చి చెప్పినవాడు లేడు. అందుకే నలభై ఏళ్ళలో ఆ ఇంటికి ఒక్క మచ్చ కూడా రాలేదు.

డెబ్భై ఒకటిలో కోడలిగా వచ్చిన బుజ్జమ్మకు అత్తగారు ఈ పని నేర్పుతూ ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. "నోరు బాగుండని రోజు దేవుడే దిగొచ్చినా తియ్యబాకమ్మాయ్. నోటిపూతైనా, పన్ను నొప్పైనా, జొరమైనా సరే. లేదని చెప్పి పంపించెయ్." బుజ్జమ్మ ఆ మాటను పాతికేళ్ళు నిలబెట్టింది. అత్తగారు పోయింది. భర్త రామచంద్రమూర్తికి కూడా పార్సిలాఫీసులోనే ఉద్యోగం, ఎనభై తొమ్మిదిలో గుండెపోటుతో పోయాడు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిలువి వచ్చాయి. అయినా నలుసులు ఆగలేదు. వెల్డింగు షెడ్డులో ఇనుప రజను, బేగంబజారు బస్తాల్లో పొట్టు, ఆటోవాళ్ళ కళ్ళలో రోడ్డు దుమ్ము. ఇవేవీ బొగ్గు నుసిలాంటివి కావు. గుచ్చుకునేవి, గీసేవి, కుళ్ళేవి. ఆ తేడా బుజ్జమ్మకు ఎవరూ చెప్పలేదు, ఆవిడా ఎవరినీ అడగలేదు.

ఒక్కగానొక్క కొడుకు శశికిరణ్ ఆబిడ్స్‌లో వరప్రసాద్ గారి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం వెనక చిన్న గది, అందులో తిరుగుడు రాయి. డాక్టరు చీటీ ప్రకారం వచ్చిన గాజుబిళ్ళను ఫ్రేములో పట్టేలా పట్టకారుతో అంచులు తుంచి, తడిరాయి మీద అరగదీయడం వాడి పని. అది అందరివల్లా అయ్యేది కాదు. వెంట్రుకంత ఎక్కువ అరిగితే బిళ్ళ ఊడిపోతుంది, తక్కువైతే బిగించేటప్పుడు పగులుతుంది. ఆ వీధిలో నాలుగు దుకాణాలవాళ్ళు కష్టమైన పనులు శశి దగ్గరికే పంపేవారు. ఇరవై నాలుగేళ్ళకే వాడికి అంత పేరు. గాజు తునకలు కంట్లో పడకుండా వరప్రసాద్ గారు వాడి కోసం అడ్డద్దాలు కొనిపెట్టారు. తడి చిమ్మి మసకేస్తున్నాయని శశి వాటిని మేకుకు తగిలించాడు. అవి ఆ మేకు మీదే ఉండిపోయాయి.

తొంభై ఏడు జూన్‌లో ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి, పట్టకారు కింద అంచు చిట్లి గాజుముక్క ఒకటి శశి కుడికంట్లోకి ఎగిరింది.

ఆ దుకాణానికి సరిగ్గా పైనే కళ్ళ డాక్టరు ఎమిలీ గారి క్లినిక్. మధ్యలో పన్నెండు మెట్లు. ఆవిడ రాసిన చీటీలే రోజూ శశి చేతికొచ్చేవి.

"ముట్టుకోకు శశీ, పైకి పద. మేడమ్ ఉన్నారు" అన్నారు వరప్రసాద్ గారు.

"ఏం కాదు సార్. ఇంటికి పోయొస్తా. అమ్మ నిమిషంలో తీసేస్తది."

పన్నెండు మెట్లు ఎక్కనివాడు కన్ను మూసుకుని ఎండలో పావుగంట నడిచి నాంపల్లి చేరాడు. వాడి లెక్క వాడిది. నలుసు తీసే బుజ్జమ్మ కొడుకు నలుసు తీయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడని తెలిస్తే ఆ సందులో తల్లి తలెత్తుకోగలదా?

ఆ వారం బుజ్జమ్మ నోరు బాగాలేదు. కింది దవడ పన్ను నాలుగు రోజులుగా సలుపుతోంది. చిగురు వాచింది, పొద్దున్నే నోట్లో చేదుగా చీము రుచి. లవంగం బుగ్గనపెట్టుకునే మిషను తొక్కుతోంది. ముందురోజే ఒక ఆటోడ్రైవరు వస్తే ఒంట్లో బాగాలేదని పంపించేసింది. ఇప్పుడు గుమ్మంలో కొడుకు. వాడి చెంప మీద నీళ్ళు కారుతున్నాయి. పక్కింటి జయమ్మ అప్పటికే వచ్చి నిలబడింది, ఆమె వెనక మరో ఇద్దరు.

"జరసేపు ఆగరా నాన్నా" అంది బుజ్జమ్మ.

"ఏంది అక్కా, అందరికి తీస్తివి, కొడుకుకు తియ్యవా?" అని నవ్వింది జయమ్మ.

ఆ నవ్వు దగ్గరే అంతా జరిగిపోయింది. పన్ను సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ పదిమంది చూస్తుండగా, కొడుకు పీట మీద కూర్చుని తల పైకెత్తి ఉండగా, నా వల్ల కాదని అనడానికి ఆవిడకు నోరు రాలేదు. లోపలికి వెళ్ళి ఉప్పునీళ్ళు మూడుసార్లు కాదు, ఆరుసార్లు పుక్కిలించింది. అంతే చేయగలిగింది.

నాలుక కొసకు సూదిమొనలా ఏదో తగిలింది. శశి "అమ్మా" అని పీట అంచు పట్టుకున్నాడు. ఆవిడ రెండోసారి రాసింది, మూడోసారి రాసింది. నోట్లో నెత్తురు ఉప్పదనం. తనదో వాడిదో తెలియలేదు. గోరు మీద పెట్టి చూస్తే ఏమీ లేదు. గాజు కనపడదు కదా.

"వచ్చేసింది" అంది.

"వచ్చేసింది" అంది జయమ్మ, ఏమీ కనపడని ఆ గోరును చూసి.

సాయంత్రానికి కన్ను మండడం మొదలైంది. మర్నాటికి రెప్ప వాచి మూసుకుపోయింది. బుజ్జమ్మ ఆముదం వేసింది. తగ్గలేదు. పురిటికి వచ్చిన జయమ్మ కూతురి చనుబాలు ఉగ్గుగిన్నెలో అడిగి తెచ్చి వేసింది. తగ్గలేదు. గురువారం పొద్దున రెప్ప విప్పి చూస్తే నల్లగుడ్డు మీద నువ్వుగింజంత తెల్లటి మచ్చ. బుజ్జమ్మ మిషను మీది జాకెట్టు గుడ్డ అలాగే వదిలేసి కొడుకు చెయ్యి పట్టుకుని ఆబిడ్స్ వెళ్ళింది. రెండు రోజుల కింద వాడు ఎక్కాల్సిన పన్నెండు మెట్లు ఇప్పుడు ఇద్దరూ ఎక్కారు.

ఎమిలీ గారు దీపం పెట్టి చాలాసేపు చూశారు. ఆవిడ సికింద్రాబాదు మనిషి, గట్టిగా మాట్లాడరు.

"ఇందులో ఏమేం వేశారు బాబూ? ఆకుపసరు, తేనె, పాలు... ఎవరన్నా నాలుకతో తీశారా? ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. దాన్నిబట్టే నేను మందు రాయాలి."

శశి తల్లి వైపు చూడకుండా చెప్పాడు.

"ఏం వెయ్యలేదు మేడమ్. నేనే నలిపాను. నీళ్ళతో కడిగాను."

డాక్టరు తలెత్తి బుజ్జమ్మ వైపు చూశారు. "మీరేమన్నా వేశారా అమ్మా?"

లవంగం బుగ్గనే ఉంది. చిగురు సలుపుతూనే ఉంది. కొడుకు తన పరువు కాపాడుతున్నాడని ఆవిడకు తెలుసు. వాణ్ణి అబద్ధాలకోరును ఎలా చెయ్యను అనుకుంది. అలా అనుకోవడం ఎంత తేలికో! నిజానికి ఆవిడ భయపడింది. తల అడ్డంగా ఊపింది.

డాక్టరు గంటకోసారి వేయాల్సిన చుక్కలు రాశారు. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. మచ్చ పెరిగినట్టు కనిపిస్తే తన కోసం ఆగకుండా పెద్ద కంటి దవాఖానాకు వెళ్ళిపొమ్మన్నారు. మర్నాడు పొద్దున్నకు మచ్చ కనపడలేదు, ఎందుకంటే నల్లగుడ్డంతా తెల్లబడింది.

దవాఖానాలో ఇరవై రెండు రోజులు ఉన్నారు. మూడో రోజున పెద్ద డాక్టరు ఒక కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. "ఇవి నోట్లో ఉండే క్రిములయ్యా. కంట్లోకి ఎట్ల వచ్చినయి?" అని అడిగాడు. శశి పైకప్పు చూస్తూ "తెలవదు సార్" అన్నాడు. బుజ్జమ్మ మంచంకోడు పట్టుకుని నిలబడింది. ఆ కాగితంలో తన పేరు రాసి ఉన్నట్టే అనిపించింది ఆవిడకు. చీము మెదడు వైపు పాకకుండా ఉండాలంటే కన్ను తీసేయడం తప్ప దారి లేదని చెప్పి, పన్నెండో రోజున తీసేశారు.

శశి మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. వరప్రసాద్ గారు మంచివారు కాబట్టి ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గాజుబిళ్ళ ఎంత దూరంలో ఉందో ఒక్క కంటికి సరిగ్గా అందదు. రాయి దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. మొదటి నెలంతా వాడు పగలగొట్టిన బిళ్ళల చప్పుడు వింటూ శశి ముందుగదిలో ఫ్రేములు తుడిచేవాడు. నల్లద్దాలు పెట్టుకుని తిరిగేవాడు. వాటిని ఇంట్లో అన్నం దగ్గర కూడా తీసేవాడు కాదు. తల్లిని ఒక్క మాట అనలేదు. ఆ సంగతే ఎత్తలేదు.

సందు మాత్రం ఊరుకోలేదు. దాని కథ అది అల్లుకుంది. నడుం కట్టింది జయమ్మే. "తల్లి చేతుల ఉంటే మంచిగైతుండె. గా దవాఖానల పడ్డంక ఏం జేసిన్రో ఏందో, కన్ను పీకి పడేసిన్రు" అని నల్లా దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, ఎక్కడ నలుగురు కనపడితే అక్కడ చెప్పింది. బుజ్జమ్మ నలుసు తీయడం మానేసింది. ఎందుకని అడిగినవాళ్ళకు కొడుకు కంటి కోసం మొక్కుకున్నానని చెప్పింది. దాంతో ఆవిడంటే గౌరవం ఇంకా పెరిగింది. ఇంత అన్యాయమైన గౌరవం ఇంకెవరికీ దక్కి ఉండదు. ఆ పన్నును ఎప్పుడో పీకించేసుకుంది. పీకించుకుని ఏం లాభం? నిద్ర లేచీ లేవగానే నాలుక ఆ పన్ను పోయిన చోటికే వెళ్ళేది.

అలా రెండేళ్ళు గడిచాయి.

తొంభై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం శశి అన్నానికి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. జయమ్మ తన భర్త బిచ్చయ్య రెక్క పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బిచ్చయ్య బేగంబజారులో హమాలీ. ధనియాల బస్తా దించుతుంటే పొట్టు ఎగిరి ఎడమకంట్లో పడింది. చిన్నప్పటి నుంచి ఏ నలుసు పడ్డా ఈ ఇంటికే వచ్చినవాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పీట మీద కూర్చుని తల పైకెత్తాడు.

"అక్కా, నీ మొక్కు నీకుండనీ. గీ ఒక్కపాలి జర చూడు. పొద్దుగాల్నుంచి విలవిల కొట్టుకుంటుండు" అంది జయమ్మ.

బుజ్జమ్మ చెయ్యి అలవాటున లేచింది. బొటనవేలితో రెప్ప తిప్పింది. నల్లగుడ్డు మీద పొట్టు తునక స్పష్టంగా కనిపించింది. తీసేయాలని నాలుక నోట్లో కదిలింది కూడా. అప్పుడే లోపల శశి చేతిలో గ్లాసు చప్పుడైంది. బుజ్జమ్మ రెప్ప వదిలేసింది.

"నేను తియ్యను జయమ్మా. డాక్టరు దగ్గరికి పోదాం పదండి."

"డాక్టరా? నీ కొడుకుకు జేసింది యాదికి లేదా అక్కా?"

"వాడికి చేసింది డాక్టరు కాదు, నేను."

జయమ్మకు అర్థం కాలేదు. జాలిపడింది. "కొడుకు బాధల ఏదేదో అంటున్నవ్ అక్కా."

"అమ్మా, ఊరుకో" అన్నాడు లోపలినుంచి శశి. రెండేళ్ళుగా మోస్తున్న అబద్ధాన్ని ఇంకా మోయడానికి సిద్ధంగానే ఉన్నాడు.

బుజ్జమ్మ ఊరుకోలేదు. ఊరుకుంటే ఇంకెప్పటికీ చెప్పలేనని ఆవిడకు తెలిసిపోయింది. "ఆ రోజు నా పన్ను కుళ్ళి ఉంది జయమ్మా. నాలుగు రోజుల నుంచి చిగురులో చీము. నోరు బాగుండకపోతే తియ్యొద్దని మా అత్తగారు చెప్పింది. ముందురోజు ఆటోవాడిని అందుకే పంపించేశాను. నువ్వు నవ్వావని, నలుగురూ చూస్తున్నారని, ఆ నోరే తీసుకెళ్ళి నా కొడుకు కంట్లో పెట్టాను. డాక్టరమ్మ నన్ను నిలబెట్టి అడిగితే లేదని తలూపాను. ఇదీ నా మొక్కు."

బిచ్చయ్య తల దించాడు. లోపల శశి అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. నాలుక సంగతి వాడికి తెలుసు, పన్ను సంగతి తెలియదు.

జయమ్మ మెల్లిగా అడిగింది. "మరి గీడ దగ్గర్ల ఇంకెవ్వరన్న తీసేటోళ్ళున్నరా అక్కా?"

రెండేళ్ళు దాచిన మాటను కడుపులోంచి పెకలించి చెప్తే వచ్చిన జవాబు అది. బుజ్జమ్మ చెప్పులు వేసుకుంది. బిచ్చయ్య చెయ్యి పట్టుకుని లేపి సందు చివర ఆటో ఆపింది. జయమ్మ గొణుక్కుంటూనే ఎక్కింది. శశి చెయ్యి కడుక్కుని వచ్చి ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఎమిలీ గారు బిచ్చయ్యను దీపం ముందు కూర్చోబెట్టి, రెండేళ్ళ కింద అడిగినట్టే అడిగారు. "ఇందులో ఏమన్నా వేశారా? ఎవరన్నా నాలుకతో తీశారా?"

"లేదమ్మా" అంది బుజ్జమ్మ వెనకనుంచి. "ఈయనకు ఏమీ చెయ్యలేదు. రెండేళ్ళ కింద మావాడికి మాత్రం నేనే నాలుక పెట్టాను. అప్పుడు నా పన్ను చీము పట్టి ఉంది. మీరు అడిగితే చెప్పలేదు."

ఎమిలీ గారు చేతిలో ఉన్నది పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగారు.

"ఆ రోజు చెప్పి ఉంటే ఇంటికి పంపేదాన్ని కాదమ్మా. అప్పుడే దవాఖానాలో చేర్పించేదాన్ని. కన్ను దక్కేదేనా అంటే, ఒట్టేసి చెప్పలేను. పన్ను బాగున్నా ప్రమాదమే. ఎంత కడిగినా నోరు నోరే. నోట్లో ఉండేవి కంట్లో ఉండకూడదు."

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది బుజ్జమ్మకు. డాక్టరు మందుచుక్క వేసి, సన్నటి సూదితో పొట్టు తునకను తీసేశారు. పట్టుమని అయిదు నిమిషాలు పట్టలేదు. బిచ్చయ్య అలవాటు చొప్పున "జర చూపెట్టున్రి మేడమ్" అన్నాడు. ఆవిడ దూది మీద పెట్టి చూపించారు. ధనియాల పొట్టులో బూజు ఉంటుందని, చుక్కలు వేసుకుంటూ వారం పాటు రోజూ వచ్చి చూపించుకోవాలని, ఇంట్లో ఇంకేదీ వేయొద్దని చెప్పారు. జయమ్మ తలూపింది. నిజంగా వస్తారో లేదో ఆ తలూపులో తెలియలేదు.

వాళ్ళిద్దరూ ముందు దిగి వెళ్ళిపోయారు. బుజ్జమ్మ గోడ పట్టుకుని దిగుతుంటే సగం మెట్ల దగ్గర శశి ఆగాడు. నల్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. రెండేళ్ళలో వాడి ముఖం అలా ఆవిడకు కనపడడం అదే మొదటిసారి.

"నువ్వు నాలుక పెట్టావని నేనేనాడూ నిన్ను తప్పు పట్టలేదమ్మా. నేనే కావాలని నీ దగ్గరికి వచ్చాను" అన్నాడు. గొంతు పెంచలేదు. "పన్ను సంగతి ఒక్క మాట నాకు చెప్పాల్సింది. ఇక్కడ పైన ఆవిడ అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పేవాణ్ణి కాదు కదమ్మా."

శశి అద్దాలు పెట్టుకుని మిగిలిన మెట్లు దిగి దుకాణంలోకి వెళ్ళాడు. బల్ల దగ్గర ఎవరో ఆడమనిషి కొత్త కళ్ళజోడు పెట్టుకుని, అద్దం చేత్తో పట్టుకుని వాడి కోసం ఎదురుచూస్తోంది.